పరదేశపు జైలే పరమ సుఖం!

విదేశం వెళ్ళి బాగుపడదామనుకుంటున్న సోదరులారా, సోదరీమణులారా! కంప్యూటర్ల వెంట పడకండి. ఆస్పత్రుల చుట్టూ తిరగకండి. తిన్నగా జైలుకి వెళ్ళండి!

కంగారు పడకండి, నేరం చెయ్యమనడం లేదు. నేరం చేసి వెళ్ళినవాళ్ళు లోపల ఉంటారు. ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు... వాళ్ళూ లోపలే ఉంటారనుకోండి. కాకపోతే యూనిఫాం వేరు. నడుముకి తాళాలగుత్తి వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం పూట బయటికి వదులుతారు.

పదహారు నెలలుగా నేను పరదేశంలో ఆడవాళ్ళ జైల్లో ఆఫీసర్ని. ఈ సంగతి మా అత్తగారు వీధి వీధంతా గర్వంగా చాటారు. ఆవిడ చాటిన పద్ధతే కొంచెం తేడా. "మా కోడలు ఫారిన్లో జైల్లో ఉంది" అన్నారు. మూడిళ్ళవాళ్ళు పరామర్శకి వచ్చారు. ఎదురింటావిడ తనకి తెలిసిన లాయరు నంబరు చీటీ మీద రాసిచ్చి, "ధైర్యంగా ఉండండి పిన్నిగారూ" అని చెప్పి వెళ్ళింది. అసలు సంగతి తెలిశాక కూడా అత్తగారు ఆ చీటీ పారెయ్యలేదు. ఎప్పుడే అవసరం వస్తుందో ఎవరికి తెలుసన్నారు.

ఇంతకీ ఈ కొలువు నాకెలా దొరికిందనేగా మీ సందేహం? ఆ దేశంలో అన్నీ ఉన్నాయి. నేరాలు చెయ్యడానికి మనుషులున్నారు, పట్టుకోడానికి పోలీసులున్నారు, శిక్ష వెయ్యడానికి జడ్జీలున్నారు. కాపలా కాయడానికే దిక్కు లేదు! వాళ్ళ పిల్లలెవరూ ఆ పని చెయ్యం అంటున్నారట. ఎవరూ చెయ్యం అన్న పని ఎక్కడుంటే అక్కడ మనం ఉండాలి కదా! అప్లికేషన్ పడేశాను.

అనుభవం మాత్రం నాకు ముందునుంచే దండిగా ఉంది. పన్నెండేళ్ళపాటు నేను ఒక గొప్ప రెసిడెన్షియల్ కాలేజీలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని. గొప్ప కాలేజీ అని ఎందుకంటున్నానంటే, మా దగ్గర చేరిన ప్రతి పిల్లా డాక్టరో ఇంజనీరో అయి తీరుతుందని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఆ గోడ ఎత్తు పన్నెండడుగులు. పైన గాజుపెంకులు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. తెర మీద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టావిడ ప్రశ్నలు వేసింది.

"ఇష్టం లేని చోట ఉండాల్సి వచ్చినవాళ్ళని సంబాళించిన అనుభవం ఉందా?"

"పన్నెండేళ్ళండి."

"ఎంతమందిని?"

"నాలుగొందల అరవై మందిని."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళకి అంత పెద్ద జైలు వాళ్ళ దేశం మొత్తంలో లేదట.

"మీ కింద సిబ్బంది ఎందరు?"

"ఒక అసిస్టెంటు, ఒక వాచ్‌మన్."

"ఎవరైనా తప్పించుకున్నారా?"

"ఇద్దరండి. బస్టాండులో పట్టేశాం."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, కాస్త భయంగానే అడిగింది. "అంతమంది ఏం నేరం చేశారమ్మా?"

"పదో తరగతి పాసయ్యారండి."

నేను జోకు వేశాననుకుని నవ్వారు. ఉద్యోగం ఇచ్చేశారు.

ఆరు వారాలు ట్రైనింగ్. మా ట్రైనరు గుబురు మీసాలాయన, మహా చాదస్తుడు. మొదటి రోజే నా బుర్ర తినేశాడు. ఖైదీ గది తలుపు తీసే ముందు టకటకమని కొట్టాలట! ఎందుకండీ అంటే, "లోపల మనిషి ఉంటుంది కదా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, పన్నెండేళ్ళలో నాకా ఆలోచనే రాలేదు. పొద్దున్న అయిదు కొట్టేసరికి స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయించుకుంటూ వరండా పొడుగునా నడిచేదాన్ని. లోపల ర్యాంకులున్నాయనుకున్నాను గానీ మనుషులున్నారనుకోలేదు.

తనిఖీ పరీక్షలో మాత్రం ఆయన నోరు మూయించాను. ఉత్తుత్తి గది ఒకటి తయారుచేసి, అందులో ఏడు వస్తువులు దాచి, అరగంటలో వెతకమన్నాడు. నాలుగు నిమిషాల్లో ఎనిమిది తీసి బల్ల మీద పెట్టాను! ఆ ఎనిమిదోది పాత బ్యాచిలో ఎవరికీ దొరక్క ఆయనే మర్చిపోయినదట. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?" అన్నాడు. ఫిజిక్స్ పుస్తకం మధ్యలో పేజీలు కోసి సెల్‌ఫోను పెట్టుకునే పిల్లల దగ్గర నేర్చుకున్నానని చెప్పాను. మా తరగతిలో సర్టిఫికెట్టు ముందుగా నాకే ఇచ్చారు.

ఇక ఈ ఉద్యోగంలో సుఖాలు వినండి. మీ నోరూరకపోతే నన్నడగండి.

భాష రాదని దిగులక్కర్లేదు. నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు: రా, ఆగు, కాదు, తర్వాత. ఈ నాలుగింటితో లోకంలో ఏ ఆఫీసయినా నడిచిపోతుంది.

ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టేసి లోపలికి వెళ్ళాలి. పది గంటలపాటు మీ ఆడపడుచు గుడ్ మార్నింగ్ బొమ్మలు మీకు చేరవు. మీ తోడికోడలు కొత్త సోఫా ఫోటో చేరదు. ఈపాటి ప్రశాంతత కోసమే కదా జనం కొండలెక్కి ముక్కు మూసుకు కూర్చుంటున్నది!

ఓర్పు దానంతటదే వస్తుంది. లాకరు దగ్గర్నుంచి నా సీటుకి పదిహేడు తలుపులు. ఒకటి మూసి తాళం వేశాకే రెండోది తెరవాలి. ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, కూరగాయల కొట్టు దగ్గర కూడా వెనక తలుపు పడితే గానీ నా కాలు ముందుకి కదలదు. కొట్టాయన మొదట్లో వింతగా చూసేవాడు. ఇప్పుడు ఆయనే లేచొచ్చి తలుపేసి, "ఇక రండమ్మా" అంటున్నాడు.

ఇల్లు వెతుక్కునే బాధ అసలే లేదు. జైలు పక్కనే క్వార్టర్సు. నాకిచ్చిన గది ఖైదీ గదికన్నా రెండడుగులు చిన్నది. నోటికొచ్చినట్టు చెప్పడం లేదు, టేపు పెట్టి కొలిచాను. వాళ్ళకి బల్లా కుర్చీ ఉన్నాయి, నాకు కుర్చీ ఉంది. వాళ్ళ కిటికీ తెరుచుకోదు, నాది నాలుగు వేళ్ళ మేర తెరుచుకుంటుంది. పైగా నా గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. స్వేచ్ఛ అంటే మరేమిటి చెప్పండి?

ఆ ఖైదీల వైభోగం చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది. రోజూ గంటసేపు ఆరుబయట తిరగనివ్వాలట, చట్టం! వాన పడితే? తల మీదకి టోపీ ఉన్న కోటు ఇవ్వాలట! మా హాస్టల్లోనూ ఆటస్థలం ఉండేది. అందులో ఇంకో బ్లాకు కట్టేశాం. వీళ్ళకి ఎనిమిది గంటల నిద్ర హక్కు. మా పిల్లలకి ఎనిమిది గంటలు స్టడీ అవర్సు, అదీ క్లాసులయ్యాక.

భోజనం బాగాలేదని ఖైదీ అంటే ముందు ఆఫీసరు రుచి చూసి తీరాలి. మా మెస్సులో ఏ పిల్లయినా మూతి ముడిస్తే, "ఇంటికెళ్ళి మీ అమ్మ చేత వండించుకో" అనేదాన్ని. ఇంటికి మాత్రం పంపేదాన్ని కాదు.

ఇక నీలం ఫారం అని ఒకటుంది. ఖైదీకి ఏ కష్టం వచ్చినా దాని మీద రాసి డబ్బాలో వేస్తే, ఏడు రోజుల్లో జవాబు వచ్చి తీరాలి. మా హాస్టల్లోనూ ఫిర్యాదుల పెట్టె ఉండేది. దాని తాళంచెవి మొదటి ఏడాదే పోయింది. పోయిందని కూడా ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

అన్నిటికన్నా విడ్డూరం ఇంకోటి ఉంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఇంటికి ఫోను. ప్రతి ఆదివారం రెండు గంటలు ఇంటివాళ్ళతో ములాఖత్. ఆ హాల్లో డ్యూటీ నాదే. మెత్తటి కుర్చీలు, పిల్లలకి ఒక మూల బొమ్మలు. వచ్చినప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి కావలించుకోవచ్చు. ఇంకా అయిదు నిమిషాలుందనగా నేను లేచి, "టైమైపోయింది, అందరూ లేవండి!" అని అరవాలి. ఆ అరుపులో నన్ను మించినవాళ్ళు లేరని మా సూపరింటెండెంటు నలుగురిలో మెచ్చుకుంది.

"అంతా బాగానే ఉంది, మరి నీ కుటుంబం మాటేమిటమ్మా?" అని వెనక వరసలోంచి ఎవరో అడుగుతున్నారు. అడగండి, అడగండి. నా దగ్గర దాపరికం లేదు.

కాంట్రాక్టు మూడేళ్ళు. అది పూర్తయితే కుటుంబాన్ని రప్పించుకోవచ్చు. నాకున్నది ఒక్కగానొక్క కూతురు. దాన్ని ఆ దేశంలో చదివించాలనే వెళ్ళాను. మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతాయన్నారు అందరూ. నేనూ అన్నాను.

నేను విమానమెక్కిన రెండు నెలలకి మా అమ్మాయి కూడా ఆ నేరం చేసింది. పదో తరగతి పాసయ్యింది.

మా ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీదే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మంచం దిగితే గొప్ప. పిల్లని ఎక్కడ ఉంచాలి? "నీ పాత హాస్టలుందిగా, మనవాళ్ళే" అన్నారాయన. నేనూ సరేనన్నాను. సరేననడమేమిటి, అంతకన్నా భద్రమైన చోటు ఈ భూమ్మీద లేదన్నాను! ఆ గోడ ఎత్తు నాకు తెలుసు కదా.

పాఠకులు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. ఆ హాస్టల్ రూల్సన్నీ నేను రాసినవే. మొత్తం నలభై ఒకటి. ముత్యాల్లాంటి చేతిరాతతో రాసి, ప్లాస్టిక్ పూత వేయించి, ప్రతి అంతస్తులో గోడకి తగిలించాను. మేకులు కూడా నేనే కొట్టాను.

ఫోను ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు, స్పీకరు పెట్టి, వార్డెన్ ఎదుట. నాలుగొందల అరవై మందికి రెండు ఫోన్లు. వాళ్ళ నాలుగు గంటలకి ఇక్కడ నేను ములాఖత్ హాల్లో ఉంటాను, నా ఫోను లాకర్లో ఉంటుంది. ఒక్క ఆదివారం మార్చుకుందామని ఆర్నెల్లు తిరిగాను. అందరికీ ఆదివారమే కావాలి! చివరికి ఒకావిడ బదులు నాలుగు రోజులు బాత్రూముల తనిఖీ చేస్తే ఒక ఆదివారం దయచేసింది.

ఆ ఆర్నెల్లూ దాని కబుర్లు మా ఆయన చెప్పేవారు. వెళ్ళి చూసొచ్చి, "బాగానే ఉంది" అనేవారు. డాక్టర్ల దగ్గర రెండు నిమిషాలు మాట్లాడి లేచే అలవాటు, కూతురి దగ్గరా అంతే.

సరే, ఆ ఆదివారం నాలుగింటికి మొదలుపెడితే అయిదుకి మూడు నిమిషాలుండగా లైను దొరికింది.

"అమ్మా" అంది.

ఆ గొంతు విని నేను సిద్ధం చేసుకున్నవన్నీ మర్చిపోయాను. "ఏమే, చిక్కిపోయావా?" అన్నాను.

వెంటనే ఇంకో గొంతు అడ్డం వచ్చింది. "అక్కా, రూలు ఇరవై మూడు."

ఒకప్పుడు నా అసిస్టెంటు, ఇప్పుడు వార్డెన్. నా శిష్యురాలు.

"పోనీ, బెంగగా ఉందేమోనని..."

"అదీ ఇరవై మూడేనక్కా. మీరే రాశారు కదా."

రాశాను. 'పిల్లలకు ఏడుపు తెప్పించు మాటలు తల్లిదండ్రులు మాట్లాడరాదు. ఉదా: చిక్కిపోయావు, బెంగగా ఉందా, ఇంటికి వచ్చేస్తావా.' ఒక తల్లి అలా అడిగినందుకు ఓ పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదని, మరుసటి సోమవారమే ఆ రూలు చేర్చాను. ఉదాహరణలు కూడా ఇచ్చినందుకు యాజమాన్యం నన్ను ప్రత్యేకంగా అభినందించింది.

"చదువుతున్నావా?" అన్నాను చివరికి. "ఆ" అంది. లైను కట్టయింది.

మర్నాడు జైల్లో సాయంత్రం ఫోను డ్యూటీ. మా వార్డులో టైలరమ్మ అని ఒకావిడ ఉండేది. కుట్టుపని గదిలో పనిచేస్తుంది కాబట్టి నేను పెట్టుకున్న పేరు. బట్టల కొట్లలో తొమ్మిది దొంగతనాలు చేసి లోపలికొచ్చింది. ఆవిడకి పదకొండేళ్ళ కూతురు. రోజూ సరిగ్గా ఆరింటికి ఫోను దగ్గరికొస్తుంది. ఆవిడ భాష నాకు సగమే అర్థమవుతుంది, అయినా మొదటి మాట తెలిసిపోతుంది. తిన్నావా అని అడుగుతుంది. ఆ తర్వాత చిక్కిపోయావనే అంటుంది. ఎవరూ రూలు నంబరు చెప్పరు.

ఆ రోజు నా మొహం ఎలా ఉందో ఏమో, ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చింది.

"మిస్, మీకెన్నేళ్ళు పడింది?"

"మూడు."

"ఇంటివాళ్ళు వస్తారా?"

"రాకూడదు."

"ఫోను?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడకి కోపమొచ్చింది. గదిలోకెళ్ళి ఒక నీలం ఫారం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది అన్యాయం మిస్. రాసి డబ్బాలో వెయ్యండి. ఏడు రోజుల్లో జవాబు చెప్పకపోతే వాళ్ళ సంగతి చూడొచ్చు" అంది.

ఇది ఖైదీలకే తప్ప ఆఫీసర్లకి వర్తించదమ్మా అని చెప్పాను. పాపం, నమ్మలేకపోయింది.

పద్నాలుగో నెలలో నాకు రెండు వారాల సెలవు ఇచ్చారు. ఆ రెండు వారాల్లో ఒక రెండో ఆదివారం పడేలా చూసుకున్నాను. ఎందుకంటే రూలు పద్నాలుగు: 'తల్లిదండ్రులు నెలలో రెండో ఆదివారం మాత్రమే, పది నుంచి పన్నెండు వరకు, డైనింగ్ హాల్లో కలవవచ్చును.'

తొమ్మిదిన్నరకే గేటు దగ్గరికెళ్ళాను. ఒకప్పుడు నన్ను చూడగానే లేచి నిలబడే వాచ్‌మన్, ఈసారి కూర్చునే నా బ్యాగు అందుకున్నాడు.

"ఏమనుకోకండి మేడమ్, బయటి తిండి రూలు పదిహేను" అని బిస్కెట్ల డబ్బా తీసి పక్కన పెట్టాడు. బ్యాగు అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పక్క జేబులు తట్టాడు. "వెళ్ళండి మేడమ్" అన్నాడు.

వెళ్ళిపోవాలా వద్దా? వెళ్ళిపోవాలి! కానీ పన్నెండేళ్ళ అనుభవం, ఆరు వారాల ట్రైనింగ్, ములాఖత్ హాలు డ్యూటీ ఊరుకోనిస్తాయా?

"నా చేతిలో గొడుగు విప్పి చూడవేం? ఇదేనా నీకు నేను నేర్పింది?" అన్నాను.

అతను గొడుగు విప్పాడు. అందులోంచి నాలుగు చాక్లెట్ బార్లు రాలాయి. మా అమ్మాయికిష్టమైనవి, రెండు దేశాల కస్టమ్స్ వాళ్ళ కళ్ళు కప్పి తెచ్చినవి. "థాంక్స్ మేడమ్" అని అవి కూడా డబ్బా పక్కన పెట్టుకున్నాడు.

డైనింగ్ హాల్లో మూడో బల్ల దగ్గర కూర్చోమన్నారు. రాతి బల్లలు, వెనక ఆనుకోడానికి లేని బెంచీలు. సుఖంగా ఉంటే తల్లిదండ్రులు కదలరని ఏరికోరి అవి నేనే కొనిపించాను.

అది వచ్చింది. నాకన్నా రెండంగుళాలు పెరిగింది. మెడ సన్నబడింది. వచ్చి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. ఏమీ అందించుకోకుండా చేతులు కనిపించేలా ఉంచాలని రూలు పదహారు. నేనూ నా చేతులు బల్ల మీద పెట్టాను. మధ్యలో జానెడు ఖాళీ ఉంది.

"తిన్నావా?"

"తిన్నా."

"చదువుతున్నావా?"

"ఆ."

ఇక అడగడానికి రూల్లో పట్టే మాటలేవీ మిగల్లేదు. నా శిష్యురాలు బల్లల మధ్య పచార్లు చేస్తోంది. మా అమ్మాయే నోరు విప్పింది.

"అక్కడ మీ ఖైదీలకి కూడా ఇలాగే ఉంటుందా అమ్మా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "వాళ్ళకి ప్రతి ఆదివారం ఉంటుంది. కుర్చీలు మెత్తగా ఉంటాయి. రాగానే ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి కావలించుకోవచ్చు" అన్నాను.

"రోజూ ఫోను చేసుకోవచ్చా?"

"పది నిమిషాలు."

 "వాళ్ళేం చేశారు?"

"ఒకావిడ తొమ్మిది దొంగతనాలు చేసింది."

"తొమ్మిదీ చెయ్యాలా? ఒకటి చాలదా?"

నవ్వుతుందేమోనని దాని మొహం వంక చూశాను. నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

 ఆ జానెడు ఖాళీ దాటి దాని చెయ్యి పట్టుకుందామనుకున్నాను. రూలు పదహారు ఏమయితే అది కానీ, ఇరవై మూడు ఏమయితే అది కానీ, బెంగగా ఉందా అని అడిగేద్దామనుకున్నాను. అంతలో ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. అలవాటుగా గోడ గడియారం వంక చూశాను. పన్నెండుకి అయిదు నిమిషాలు.

ఏం జరిగిందో నాకు తెలియదు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"టైమైపోయింది! అందరూ లేవండి!"

హాలు హాలంతా లేచి నిలబడింది. నలభై బల్లల దగ్గర తల్లులూ తండ్రులూ సగం మాటలో ఆగిపోయి సంచులు సర్దుకున్నారు. అందరికన్నా ముందు లేచింది మా అమ్మాయే. ఎంత క్రమశిక్షణ! రెండు చేతులూ కట్టుకుని, తల వంచుకుని, మెట్ల వైపు వరసలో నడిచిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెనక్కి తిరక్కూడదని రూలు పద్దెనిమిది.

నా శిష్యురాలు పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, భక్తితో. "అక్కా, మీరుంటే ఆ డిసిప్లినే వేరక్కా" అంది.

ఆ అయిదు నిమిషాలూ నేను ఆ ఖాళీ హాల్లోనే నిలబడ్డాను. పన్నెండయ్యాక వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, రూలు పద్నాలుగు" అన్నాడు.

తిరిగొచ్చిన మూడో వారంలో టైలరమ్మ విడుదలైంది. గేటు దాకా దిగబెట్టింది నేనే, పదిహేడు తలుపులూ తీస్తూ వేస్తూ. చివరి తలుపు దగ్గర తన దగ్గర మిగిలిన నీలం ఫారాలన్నీ నా చేతిలో పెట్టి, "నాకిక అక్కర్లేదు మిస్, మీ దగ్గరుంచుకోండి" అంది. బయట పదకొండేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి ఆవిడ నడుము చుట్టేసుకుంది. ఎంతసేపయినా వదల్లేదు. నాకు గడియారం చూడాలనిపించలేదు.

నా గదికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, నీలం ఫారం మీద కాలేజీ యాజమాన్యానికి ఇలా రాశాను:

'అయ్యా, మీ హాస్టల్లో రెండో అంతస్తు పదహారో గదిలో ఉన్న మా అమ్మాయిని ఇకమీదట విద్యార్థినిగా కాక ఖైదీగా పరిగణించవలసిందిగా కోరుతున్నాను. ఆ అమ్మాయి నేరం ఏమీ చేయనందువల్ల ఈ గౌరవానికి అర్హత లేదని తెలుసును. అయినను తల్లి మొహం చూసి దయచూపగలరు. రోజుకు గంటసేపు ఆరుబయలు, పది నిమిషాల ఫోను, వారానికి ఒక ములాఖత్, రెండు కావలింతలు. చాలును.'

మా కాలేజీవాళ్ళని ఊరికే అనకూడదు. ఏడో రోజుకల్లా జవాబు పంపారు. నా అమూల్యమైన సూచనలకు ధన్యవాదాలు చెప్పారు. వచ్చే ఏడాది కరపత్రాల్లో 'విదేశీ జైళ్ళ స్థాయి క్రమశిక్షణ' అని పెద్ద అక్షరాల్లో వేస్తారట. నా ఫోటో, యూనిఫాంలో ఉన్నది, పంపమన్నారు. ఫోను, ములాఖత్‌ల విషయం తర్వాత ఆలోచిస్తామన్నారు. కావలింతల ప్రస్తావన లేదు.

కాబట్టి సోదరసోదరీమణులారా, నా మాట మీద నాకు మార్పు లేదు. జైలుకి వెళ్ళండి! మనుషుల్ని ఎలా చూసుకోవాలో నేర్పుతారు. పన్నెండేళ్ళు ముందే వెళ్ళి ఉంటే ఇంకా బాగుండేది.

ఒక్క సాయం చేసిపెట్టండి. మీలో ఎవరి పిల్లయినా ఆ హాస్టల్లో ఉండి, రెండో ఆదివారం మీరు అటు వెళితే, మూడో బల్ల దగ్గర ఎవరైనా వస్తారేమోనని ఒక పిల్ల చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంటుంది. దాని దగ్గరికెళ్ళి, "మీ అమ్మ అడగమంది, బెంగగా ఉందా?" అని అడగండి. వార్డెన్ ఇరవై మూడు అంటుంది. ఆ రూలు రాసినావిడే కొట్టేసిందని చెప్పండి.

అది ఏం జవాబు చెప్పిందో నాకు రాయండి. నాకు చాలా బెంగగా ఉంది.